రూఫ్ తట్టి వినే పని

సింగరేణి ఊళ్లలో ఒక వాదన ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. మనవడికో మనవరాలికో ఆటిజం అని డాక్టర్ చెప్పాక, థెరపీ సెంటర్‌కు నెలనెలా కట్టే ఫీజు దగ్గర అది మొదలవుతుంది. ఆడించడానికి ఇంత డబ్బా అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. మేం చేసేది ఆడించడమేనని ఎవరన్నారని సెంటర్లో పనిచేసేవాళ్లు నొచ్చుకుంటారు. రెండు వైపులా నిజం ఉంది కాబట్టే ఈ గొడవ తెగడం లేదు. అందుకే ఇద్దరు మనుషుల్ని ఊహించి ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు రామగుండం గనుల్లో పనిచేసి ఓవర్‌మన్‌గా రిటైరైన పెద్దాయన. మరొకరు గోదావరిఖనిలో ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేసే స్పెషల్ ఎడ్యుకేటర్. మనుషులు కల్పితం, వాదన మాత్రం ఊళ్లోదే. పెద్దాయన అనుమానాలను పలచన చేసి రాయలేదు. వాటిలో సగం నాకూ ఉన్నాయి.

పెద్దాయన: బిడ్డా, తప్పుగ అనుకోకు, సూటిగనే అడుగుత. మా బాయిల పనికి లెక్క ఉంటది. షిఫ్టుకు ఎన్ని టబ్బులు నిండినయి, ఎంత బొగ్గు పైకి వచ్చింది, ఎవని మస్టర్ పడ్డది, ఎవడు నాగా పెట్టిండు, అన్నీ రాసి ఉంటయి. మీ దగ్గర ఏమున్నది? పిలగాన్ని లోపలికి తీసుకపోతరు, తలుపు దగ్గరికేస్తరు, ముప్పావు గంటకు బయటికి తెస్తరు. కిటికీలకెల్లి చూస్తే సబ్బు బుడగలు ఊదుడు, బంతి దొర్లించుడు, ఉయ్యాల ఊపుడు. ఇంత పని ఇంట్ల ముసలమ్మ చెయ్యలేదా? దసరాకు వచ్చిన లాభాల వాటా మొత్తం మీ సెంటర్లకే పోతున్నది. ఆర్నెల్లయినా పిలగాడు అమ్మా అనలేదు. ఇగ పని ఏం జరిగినట్టు?

టీచర్: మీ ప్రశ్నలో తప్పేం లేదు కాకా. ఆ సబ్బు బుడగల సీసానే తీసుకుందాం. మూడేళ్ల బాబు, ఇంకా మాట రాలేదు, బుడగలంటే ప్రాణం అనుకోండి. ఇంట్లో అయితే సీసా చూసి ఏడుస్తాడు, అమ్మ మూత తీసి ఊదుతుంది, ఏడుపు ఆగుతుంది. ఏడుపే మాటలా పనిచేస్తున్నప్పుడు వాడికి ఇంకో మాటతో అవసరం ఏముంది? మా గదిలో మూత గట్టిగా బిగించిన సీసాను వాడి చేతికే ఇస్తాం. తిప్పి చూస్తాడు, రాదు. నా చేయి పట్టుకుని మూత మీదికి లాగుతాడు, నా ముఖం మాత్రం చూడడు. నా చేయి వాడికి ఒక పట్టుకారు లాంటిది. ఆ చేతి వెనక ఒక మనిషి ఉన్నదని ఇంకా వాడి లెక్కలోకి రాలేదు. అప్పుడు నేను చేయాల్సింది ఆగడం. ఐదు సెకన్లు, పది సెకన్లు. ఏడుపు అందుకోబోయే ముందు వాడి చూపు సీసా మీది నుంచి నా ముఖం మీదికి ఒక్క క్షణం వస్తుంది. సరిగ్గా అప్పుడే మూత తీసి ‘ఊదు’ అని ఊదాలి. కొంచెం ఆలస్యమైతే, తను చూసినందుకే బుడగ వచ్చిందని వాడికి అర్థం కాదు. కొంచెం ముందైతే చూడాల్సిన పనే పడదు. ముసలమ్మ చేయలేదా అంటే, చేయగలదు, ఎక్కడ ఆగాలో ఎవరైనా ఆమెకు చూపిస్తే. మీరు గనిలో రూఫ్ కింద నిలబడి కడ్డీతో తట్టి వినేవారు కదా. పైనుంచి వచ్చిన మనిషికి అది ఉత్త తట్టడమే. గట్టి రాయి చప్పుడు ఏదో, బోలుబోయిన రాయి చప్పుడు ఏదో మీ చెవికి తెలుసు. మా పనికీ అట్లాంటి చెవే కావాలి. పైగా సపోర్ట్‌మన్ ఎన్ని టన్నులు తవ్వాడని మీరెప్పుడైనా అడిగారా? రూఫ్ నిలిచిందా అని చూశారు. మాటల సంఖ్య ఒక్కటే చూస్తే మా పని కూడా కనపడదు.

పెద్దాయన: రూఫ్ మాట నువ్వే ఎత్తినవు గనుక అడుగుత. రూఫ్ చూసేటోనికి సర్టిఫికెట్ ఉంటది బిడ్డా. కొత్తగ బాయిల దిగేటోడు ముందు వీటీసీ అనే శిక్షణ కేంద్రంల నేర్చుకోవాలె, 1966 నుంచి ఉన్న రూల్స్ అవి. మైనింగ్ సర్దార్ కావాలన్నా, ఓవర్‌మన్ కావాలన్నా పరీక్ష పాసై గనుల భద్రత చూసే డీజీఎంఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలె. భూగర్భంల రోజుకు ఎనిమిది గంటలు దాటి పని చేయించొద్దని 1952 గనుల చట్టంలనే రాసిన్రు. ఆ రూల్స్ ఎందుకో ఈ ఊరికి చెప్పనక్కర లేదు. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలకు నీళ్లొచ్చి 17 మంది పోయిన్రు. మరి మీ గదులల్ల ఎవరున్నరు? డిగ్రీ చదివి ఖాళీగ ఉన్న ఆడపిల్లకు నాలుగు వారాలు చూపిచ్చి, మెడల కార్డు వేసి, థెరపిస్ట్ అంటున్నరు. నువ్వు చదువుకున్నదానివే కావచ్చు. పక్క గదిల ఉన్న పిల్ల సంగతేంది?

టీచర్: ఇక్కడ మీతో వాదించను. చట్టం మాకూ ఉంది. 1992లో వచ్చిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం స్పెషల్ ఎడ్యుకేటర్ అయినా, స్పీచ్ థెరపిస్ట్ అయినా కేంద్ర రిజిస్టర్‌లో పేరు ఉంటేనే ఈ పని చేయాలి. లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆక్యుపేషనల్ థెరపిస్టులకు 2021లో వేరే చట్టం వచ్చింది. రాసినంత వరకు బాగానే ఉంది. కానీ గనిలోకి ఇన్‌స్పెక్టర్ దిగినట్టు మా గదుల్లోకి దిగి రిజిస్టర్ చూసే మనిషి ఏడీ? ఇంకొక మాట. మీ చట్టం పని గంటలకు హద్దు గీసింది. రోజుకు ఎంతమంది పిల్లలన్న హద్దు మాకు ఎవరూ గీయలేదు. ఒకరి వెనక ఒకరు ఏడెనిమిది మంది పిల్లలు పడితే ఆఖరి పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి, ఇందాక చెప్పిన ఆ ఒక్క క్షణం చూపు నా కంటపడదు. చేతిమీద పంటిగాటు పడ్డ రోజు కూడా తర్వాతి పిల్లవాడి ముందు గొంతు మారకూడదు. గది ఊడ్చుకోవాలి, నోట్స్ రాసుకోవాలి, బయట బెంచీ మీదున్న తల్లికి రెండు నిమిషాల్లో అంతా చెప్పాలి. జీతం చాలక ఏడాది తిరక్కుండానే ఇంకో పని వెతుక్కునేవాళ్లు ఎందరో. మనిషి మారినప్పుడల్లా పిల్లవాడు కొత్త ముఖంతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. బడుల విషయంలో సుప్రీంకోర్టు 2021 అక్టోబర్ 28న ఒక లెక్క చెప్పింది. ప్రత్యేక బడుల్లో ఆటిజం ఉన్న పిల్లలు ఐదుగురికి ఒక టీచర్ ఉండాలని. సెంటర్లలో పనిచేసేవాళ్లకు రోజుకు ఎంతమంది అని కూడా ఎవరో ఒకరు లెక్క కట్టాల్సిందే.

ఇక్కడ ఒక మాట నా తరఫున చెప్పాలి. గనిలో తప్పు జరిగితే ఊరికి తెలుస్తుంది. సైరన్ మోగుతుంది, గని గేటు దగ్గర జనం చేరతారు, విచారణ వేస్తారు. థెరపీ గదిలో తప్పు జరిగితే చప్పుడు ఉండదు. రెండేళ్లు గడిచిపోతాయి, అంతే. పిల్లవాడికి మూడో ఏడు, నాలుగో ఏడు మళ్లీ రావు. కనపడని నష్టానికి కాపలా ఇంకా ఎక్కువ ఉండాలి కదా. శిక్షణ విషయంలో పెద్దాయన నిలదీసింది పూర్తిగా సబబు. అయితే ఆయన అడిగిన ప్రశ్నే టీచర్ వాదనకు బలమిచ్చింది. ఎవరైనా చేయగల ఆట అయితే దానికి సర్టిఫికెట్ ఎందుకు అడగాలి?

పెద్దాయన: మాటలతోని గెలుస్తున్నవు. లెక్క చెప్పమంటే చెప్తలేవు. అమెరికాల వారానికి 40 గంటలు చేస్తే దాదాపు సగం మంది పిల్లలు మామూలైనరని సెంటరోళ్లు చెప్తరు. వారానికి 40 గంటలంటే మా లెక్కల ఐదు షిఫ్టులు. ఏ కార్మికుడు కట్టగలుగుతడు అంత ఫీజు? కట్టలేనోని పిలగాడు గట్లనే ఉండాలెనా?

టీచర్: ఆ లెక్క ఎక్కడిదో చెప్తాను. 1987లో లోవాస్ అనే అమెరికా మనస్తత్వవేత్త అచ్చువేసిన ఫలితం అది. తీవ్రంగా శిక్షణ ఇచ్చిన పిల్లలు 19 మంది. వాళ్లలో 9 మంది మామూలు పిల్లలతో సమానంగా వచ్చారని రాశాడు. ఏ పిల్లవాడు ఏ గుంపులోకి అన్నది చీటీ తీసి పంచింది కాదు. తొడ మీద అరచేత్తో కొట్టడం కూడా ఆ పద్ధతిలో ఉంది. ఇప్పుడు అట్లా చేయి ఎత్తే మనిషి ఏ గదిలోనూ ఉండకూడదు. 19 మంది పిల్లల మీద వచ్చిన మాటను దేశదేశాల తల్లిదండ్రులకు ఆశగా అమ్మారు. మన దగ్గరికి సరిపోయే లెక్క ఇంకొకటి ఉంది. 2016లో ‘లాన్సెట్ సైకియాట్రీ’ పత్రికలో వచ్చింది. గోవాలో, పాకిస్తాన్ రావల్పిండిలో రెండు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలు 65 మందిని తీసుకుని చీటీల పద్ధతిలోనే రెండు గుంపులు చేశారు. పనిచేసింది పెద్ద డిగ్రీల వాళ్లు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. వాళ్లు శిక్షణ ఇచ్చింది కూడా తల్లిదండ్రులకు. తల్లీబిడ్డా ఆడుకుంటుంటే వీడియో తీసి, కలిసి చూసి, ఇదిగో ఇక్కడ వాడు నీకు ఏదో చూపించాడు, నువ్వు గమనించలేదు అని చెప్పడం. మొత్తం 12 సార్లు కూర్చున్నారు. బిడ్డ చేసేదానికి తగ్గట్టు పలకడం తల్లిదండ్రుల్లో బాగా పెరిగింది. తనంతట తానుగా పలకరించడం పిల్లల్లో పెరిగింది. దాచకుండా చెప్పాలంటే, ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద దృష్టి నిలిపే సమయం మాత్రం పెరగకపోగా తగ్గింది. అద్భుతాలేం జరగలేదు. కానీ మన కాలనీల్లో చేయగల పని ఇదేనని ఆ అధ్యయనం చూపించింది. అందుకే నా గదిలో పిల్లవాడు ఎన్ని మాటలన్నాడన్నది నాకు సగం లెక్కే. వాళ్ల అమ్మ, నాన్న, నాయనమ్మ ఎక్కడ ఆగాలో నేర్చుకున్నారా అన్నది మిగతా సగం.

పెద్దాయన: ఆఖరుకు తెచ్చి తల్లి మీదనే వేస్తివి. ఆమెకు ఇప్పటికే చేతులు ఖాళీ లేవు. ఫస్ట్ షిఫ్ట్ అయితే తెల్లారకముందే టిఫిన్ గిన్నె కట్టాలె. నైట్ షిఫ్ట్ అయితే మొగడు పగలంతా పండుకుంటడు, రెండు రూముల క్వార్టర్ల చప్పుడు చేయొద్దు. దానిమీద నువ్వే ఫోన్ ఇచ్చి పాడు చేసినవని అత్త అంటది. ఇప్పుడు నువ్వు థెరపీ కూడా నువ్వే చెయ్యి అంటున్నవు. ఫీజు నీకు, పని ఆమెకు.

టీచర్: ఫోన్ వల్ల ఆటిజం రాదు కాకా, ఇది ముందు అత్తలకు చెప్పాలి. తల్లి మీద నింద వేయడం కొత్తదీ కాదు. అమెరికాలో కానర్ అనే డాక్టర్ 1943లో ఈ పిల్లల గురించి వివరంగా రాశాక ఇరవై ఏళ్లకు పైగా, తల్లి ప్రేమ చూపకనే బిడ్డ ఇట్లా అయ్యాడని పెద్దపెద్ద డాక్టర్లే నమ్మారు. 1964లో రిమ్లాండ్ అనే తండ్రి, ఆయనా మనస్తత్వవేత్తే, మూలం మెదడు నిర్మాణంలో ఉందని పుస్తకం రాసి ఆ నమ్మకాన్ని పడగొట్టాడు. ఇక భారం సంగతి. తల్లిని ఇంట్లో రెండో థెరపిస్ట్‌ను చేయమని నేననడం లేదు. ఎట్లాగూ చేసే పనుల్లోనే చేయమంటాను. అన్నం కలిపి మొదటి ముద్ద పెట్టి, రెండో ముద్ద చేతిలో పట్టుకుని కాస్త ఆగడం, నీళ్ల గ్లాసు కనపడేటట్టు పెట్టి చేతికి అందకుండా ఉంచడం. ఇట్లాంటివాటికి వేరే సమయం అక్కర్లేదు. మీరన్న షిఫ్టులే చూడండి. ఈ పిల్లల్లో చాలామందికి రోజు నిన్నటిలాగే నడవాలి. వారం వారం నాన్న షిఫ్టు మారితే ఇంటి గడియారమే మారిపోతుంది. పోయిన వారం ఈ వేళకు స్కూటర్ మీద తిప్పిన నాన్న ఈ వారం తలుపేసుకుని పడుకున్నాడు. పిల్లవాడు తలుపు మీద తల కొట్టుకుంటాడు, మొండితనం అంటారు. అప్పుడు మేం ఒక అట్ట తయారు చేస్తాం. హెల్మెట్ పెట్టుకున్న నాన్న ఫొటో, పడుకున్న నాన్న ఫొటో, స్కూటర్ ఫొటో. పొద్దున్నే అమ్మ వాటిని వరసగా అంటిస్తుంది, వాడు వేలు పెట్టి చూసుకుంటాడు. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్ కూడా అంతే. కిటికీ అద్దాలు గలగలమంటే మనం ఒకసారి తలెత్తి చూసి ఊరుకుంటాం. శబ్దం భరించలేని పిల్లవాడికి అది పిడుగు. ఏ వేళకు జరుగుతుందో తెలుసు కాబట్టి దానికీ ఒక బొమ్మ పెట్టి, ముందే చూపించి, చెవులు మూసుకోవడం నేర్పితే సగం భయం తగ్గుతుంది. ఇవి ఏ అమెరికా పుస్తకంలోనూ ఉండవు. గోదావరిఖనిలో పనిచేసేవాళ్లే కనిపెట్టుకోవాలి. అందుకే మాకు నాలుగు వారాల శిక్షణ చాలదంటాను.

భాష సంగతి కూడా నా తరఫున ఇక్కడే చెప్పేస్తాను. ఇంట్లో బువ్వ, నీళ్లు, దా అని పిలిచే పిల్లవాడికి సెంటర్లో వాటర్, గివ్, కమ్ అని నేర్పించమని తల్లిదండ్రులే అడుగుతారు, రేపు ఇంగ్లిష్ మీడియం బడికి పోవాలని. ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్లలో అయితే, ఇంటి భాష మానేయండి, పిల్లవాడు తికమకపడతాడు అని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలు వెనకబడతారనడానికి పరిశోధనల్లో ఆధారం లేదు. నాయనమ్మతో మాట్లాడలేని మాట వాడికి ఎందుకు?

పెద్దాయన: సరే, ఇంకొకటి అడుగుత. మా కాలంల ఇసొంటి పిల్లలు లేరా? ఉన్నరు. ఎవరూ పేరు పెట్టలేదు. వాడట్లనే అని ఊరు ఒప్పుకున్నది, వాడకట్టే సాకింది. ఇప్పుడు పేరు పెట్టి, గదిల పెట్టి, వాన్ని మనలెక్క చేస్తమంటున్నరు. వాడు చేతులు ఆడిస్తే నీకేమయితది?

టీచర్: ఈ ఒక్క ప్రశ్న మా సెంటర్లన్నింటి గోడల మీద రాసిపెట్టాలి. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు కూడా మమ్మల్ని ఇదే అడుగుతున్నారు. చేతులు ఆడిస్తే ఎవరికీ ఏమీ కాదు, ఆడించనీ. బలవంతంగా కళ్లలోకి చూడమని గడ్డం పట్టుకుని తిప్పడం నాకు నచ్చదు, అట్లా చేసే గదిలో నేను పనిచేయను. కానీ దాహమైందని చెప్పలేక గోడకు తల కొట్టుకోవడం, బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు మీదికి పరుగెత్తడం, పన్నెండేళ్లకూ బట్టల్లోనే మలవిసర్జన చేయడం వాడి తీరులే అని వదిలేయలేం. వీటితో బాధపడేది ముందు వాడే. ఊరు సాకిందన్నారు. సాకినవాళ్లు కొందరు. ఇంట్లో తాళం వేసి ఉంచిన పిల్లల్ని ఎవరు లెక్కపెట్టారు? 2018లో హైదరాబాద్ సహా ఐదు ప్రాంతాల్లో చేసిన సర్వే ఫలితాలు వచ్చాయి. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో ప్రతి ఎనిమిదిమందిలో దాదాపు ఒకరికి వినికిడి, చూపు, మాట, ఎదుగుదల, మూర్ఛ లాంటి ఏదో ఒక ఇబ్బంది ఉంది. ఆటిజం నూటికి ఒకరికి అటూఇటూగా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. పేరు పెడితేనే సర్టిఫికెట్, పింఛన్, బడిలో హక్కు.

పెద్దాయన: పని గొప్పదే, ఒప్పుకుంట. ఫీజు మాత్రం ఒప్పుకోను. కార్మికుని బిడ్డకు చేయి విరిగితే సింగరేణి ఏరియా ఆసుపత్రిల కట్టు కడతరు. మాట రాకపోతే ఎందుకు నెలనెలా జేబుకెల్లి తియ్యాలె? అన్ని ఏరియా ఆసుపత్రులల్ల రిజిస్టర్ ఉన్న స్పీచ్ థెరపిస్ట్, రిజిస్టర్ ఉన్న స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలె. ఫస్ట్ షిఫ్టోళ్లకు సాయంత్రం, సెకండ్ షిఫ్టోళ్లకు పొద్దున టైం ఇయ్యాలె. తండ్రిని కూడా లోపట కూసోబెట్టాలె. కాంట్రాక్టోని పిలగానికి కూడా అదే గది. యూనియన్లు డిమాండ్ల కాగితంల రాయాలె ఇది.

టీచర్: రాయించండి కాకా. అప్పటిదాకా ఫీజు లేని చోట్లు కూడా ఉన్నాయని అందరికీ చెప్పండి. పిల్లల్ని చిన్నప్పుడే పరీక్షించే బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో పెట్టిన మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది, ఆటిజం ఎంతుందో కొలిచే మన దేశపు స్కేల్ తయారైంది అక్కడే. భాగ్యనగర్ రైలు ఎక్కి ఒకసారి అక్కడ చూపించుకుని వస్తే, తర్వాత ఇక్కడ ఏం చేయాలో తెలుస్తుంది.

నా తీర్పు టీచర్ వైపే, పెద్దాయన పెట్టిన షరతులన్నింటితో కలిపి. ఈ పని నైపుణ్యమున్న కార్మికుల పని. దానికి శిక్షణ, రిజిస్టర్, పని గంటల హద్దు, బతకగలిగే జీతం ఉండాలి. గనుల ఊరుకు ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. ఇక తల్లిదండ్రులకు. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డను, ఏడాదిన్నర దాటినా వేలు చాపి ఏదీ చూపించని బిడ్డను చూసి, వాళ్ల నాన్నకూ మాట ఆలస్యంగానే వచ్చింది అనుకుంటూ ఆగిపోకండి, ఈ నెలలోనే చూపించండి. సెంటర్ మెట్లెక్కగానే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. గదిలోకి మిమ్మల్ని రానివ్వకుండా, బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంట్లో ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పకుండా పంపే చోట డబ్బు కట్టకండి.